నల్ల వైరు ఎటు కలపాలి

కువైట్‌లోని అబ్బాసియాలో నాతో పెరిగినవాళ్లకు మా నాన్న పాత పికప్ గుర్తుండే ఉంటుంది. నిన్న విడిభాగాల షాపులో ట్రైలర్ బ్రేకు కంట్రోలర్ చూశాను. డాష్‌బోర్డు కింద బిగించే చిన్న పెట్టె, బండిలోంచే ట్రైలర్ బ్రేకులు వేసేది, వెనక నాలుగు రంగుల వైర్లు. అది చూడగానే ఆ బండే గుర్తొచ్చింది.

నాన్న అమలాపురంలో ఇళ్లకు వైరింగ్ చేసి కువైట్ వచ్చినవాడు. ఆయన కంపెనీ మేనేజరుకు ఒక పడవ ఉండేది. దాన్ని ట్రైలర్ మీద సముద్రం ఒడ్డునున్న ఖీరాన్ దాకా మా బండి లాగాలి. ట్రైలర్ బ్రేకులు పనిచేస్తే శుక్రవారం మమ్మల్నీ పడవ ఎక్కిస్తానన్నాడాయన. అప్పటిదాకా నేను సముద్రాన్ని ఒడ్డు నుంచే చూశాను.

నాన్న అలాంటి పెట్టె ఒకటి తెచ్చి, దాని నల్ల వైరును బండి బాడీకి బిగించి, బ్యాటరీ కలపబోతుంటే అమ్మ పెట్టెతో వచ్చిన కాగితం పట్టుకుని కిందికి దిగింది.

"ఆగండి. నలుపు బ్యాటరీ ప్లస్‌కంట. తెలుపు బాడీకంట."

"ఇళ్ల వైరింగులో నలుపంటే న్యూట్రలే. నువ్వెళ్లి పప్పు చూసుకో."

"పప్పు ఉడికిందండి. ఇప్పుడు మీ పెట్టె ఉడుకుద్ది."

నాన్న కాగితంలో బొమ్మ చూశాడు. రెండు వైర్లూ మార్చి, అమ్మను పెట్టె మీది మీట నొక్కమన్నాడు. నేను ట్రైలర్ చక్రానికి చెవి ఆనించాను. లోపల బ్రేకు అయస్కాంతం గుయ్యిమంది.

శుక్రవారం పడవ దగ్గర మేనేజరు నాన్న భుజం తట్టాడు. నాన్న అమ్మను చూపించి, "మూ అనా. హాదీ ముహందిస్" అన్నాడు. అరబ్బీలో, నేను కాదు, ఇంజనీరు ఈవిడ అని. అమ్మ చదివింది పదో తరగతే. అందరికంటే ముందు పడవెక్కి, దాని ముందు కొసన కూర్చుంది.