మేజర్ తెచ్చిన తేయాకు

తన చేతిలోని కెంపును మేజర్ లాక్కున్న రోజు ఓన్ యీ తగాదా పెట్టుకోలేదు. మా కెంపుల ఊరు మొగోక్‌లో గనివాళ్ళు కడిగి పారబోసిన మన్నులో ఆడవాళ్ళు వెతుక్కోవచ్చు. దొరికింది దొరికినవాళ్ళదే. తాతలనాటి ఆ హక్కును కనసే అంటాం. సైన్యం నడిపే వ్యాపార కంపెనీ గనిని మింగాక, దాని కాపలా చూసే మేజర్ యె తుట్ ఆ హక్కునూ మింగాడు.

"మన్నూ మాదే, రాయీ మాదే. పోవే ముసలీ!"

చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేసింది. కూతురు థీరి చదువు ముఖ్యం మరి.

సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన ఏడాది నిరసన ఊరేగింపులో థీరిని కాల్చి చంపారు. కాల్చమన్నవాడు ఆ మేజరే.

తర్వాత పై దేశాలు ఆ కంపెనీ మీద ఆంక్షలు పెట్టాయి. కంపెనీ రాళ్ళను ముట్టుకునే వర్తకుడు లేడు. ఏరుకున్న రాళ్ళను మేం గొడుగుల కింద కూర్చుని అమ్ముకునే బజారూ చల్లబడింది.

"సంబరపడకక్కా, ముందు మాడేది మన కడుపులే," అని పక్క గొడుగు కింద కూర్చునే ఖిన్ మో ఓన్ యీని దెప్పింది.

"మనవి మాడటం కొత్తా ఏంటే? వాడిది మాడితే ఎలా గింజుకుంటాడో చూడనీ."

గింజుకుంటూనే వచ్చాడు మేజర్, ఒక చేత్తో రాళ్ళ మూట, ఇంకో చేత్తో ఊరిన తేయాకు డబ్బా పట్టుకుని. ఇద్దరు కలిసి ఆ తేయాకు తింటే తగాదా తెగిపోయినట్టే మాకు. ఇక ఆ మాట ఎత్తకూడదు.

"అమ్మగారూ, పాతవి వదిలేద్దాం. ఈ రాళ్ళు మీకు కనసేలో దొరికాయని చెప్పండి. బ్యాంకాక్ వర్తకుడు మారు మాట్లాడకుండా కొంటాడు."

"ముసలి నుంచి అమ్మగారినయ్యానా! సరే, రాళ్ళు పెట్టు. తేయాకు సంగతి బేరమయ్యాక చూద్దాం."

అతను ఎదురు టీకొట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వర్తకుడు వచ్చి ఆమె ఇత్తడి పళ్ళెంలోని రాయి మీద టార్చి వేశాడు.

"కనసే రాళ్ళేనా పిన్నీ?"

ఆమె లేచి నిలబడింది. బజారంతా వినపడేలా అరిచింది.

"కాదయ్యా! అదిగో, టీ తాగుతున్నాడే మేజర్ యె తుట్, వాడి గనివి. నా బిడ్డను చంపినవాడి రాళ్ళు. కొంటావా?"

వర్తకుడు రాయిని నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసి వెళ్ళిపోయాడు. ఖిన్ మో లేచింది. వెనకే మిగతా ఆడవాళ్ళూ లేచారు. "మేం సాక్ష్యం!" అని కేకలు వేశారు. ఓన్ యీ డబ్బా మూత తీసి, తేయాకును మేజర్ చూస్తుండగా మురుక్కాలవలో కుమ్మరించింది. వాడి మనుషుల చేతికి చిక్కకుండా, చీకటి పడకముందే మేం ఆమెను కూరగాయల లారీలో ఊరు దాటించాం.

ఇప్పుడు థాయ్‌లాండ్ సరిహద్దులో ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది. ఇల్లు పోయింది. బాధ లేదా అని ఫోనులో అడిగాను.

"ఒకటే బాధ. ఇంకాసేపు ఉండి వాడి మొహం చూడాల్సింది."

మీరు కెంపుల హారం కొనేటప్పుడు షావుకారును నిలదీయండి: ఈ రాయి ఏ గనిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది? మాట నమిలితే లేచి వచ్చేయండి. ఆ సైన్యంతో వ్యాపారం ఆపమని మీ ఎంపీకి ఉత్తరం రాయండి. జాలి అక్కర్లేదు. వాళ్ళకు మీ డబ్బు అందకుండా చేయండి, చాలు.