దూత రాని వాకిలి

సంఘ పెద్దలారా, సహోదరులారా! ఈస్టర్ పునరుత్థాన ఆరాధనకై ఈ వేకువన సమాధుల తోటలో నిలిచివున్నాము. నా ఎదుట ఉన్నది మా ఏకైక పుత్రిక సమాధి. పండుగకని నిన్న వేసిన సున్నం ఇంకా తడి ఆరలేదు.

గోదావరి పొంగి లంకలు మునిగిన నిరుటి వరదల కాలంలో మా బిడ్డకు మెదడువాపు జ్వరం సోకింది. రాజమండ్రి ఆసుపత్రిలో అది ప్రాణాలతో పెనుగులాడుతుంటే, బడిలో ప్రబంధ పద్యాలు వివరిస్తూ, సండే స్కూలులో దేవదూతల మహిమ బోధిస్తూ వచ్చిన నేను దాని చెవిలో మాట ఇచ్చాను: "భయపడకమ్మా, నీ తలాపున దేవదూత వచ్చి నిలబడతాడు." ఆ చిట్టితల్లి వాకిలి మీదనే చూపు నిలిపి, "వచ్చాడా నాన్నగారూ?" అని అడుగుతూనే ఉంది, వస్తున్నాడమ్మా అని నేను అంటూనే ఉన్నాను, అలా అడుగుతూ అడుగుతూనే ఆ స్వరం ఆగిపోయింది. వాకిట ఎవరూ లేరు!

అయ్యో, ఆ తరువాతి చీకటిని ఏమని వర్ణించను! క్రిస్మస్‌కు ఇంటిపై నక్షత్రం కట్టలేదు, దూతల పాట వినిపిస్తే తలుపులు మూసుకున్నాను, మాట తప్పిన దేవునితో నాకు మాటలేమిటని ప్రార్థన మాని, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు దూరమై బ్రతికాను.

నిన్న సాయంత్రం నా భార్య ఇక్కడ సున్నం వేస్తుంటే, నీళ్ల బకెట్టు అందించి వెళ్లిపోబోయాను. ఆవిడ కుంచె ఆపింది.

"ఇంకా ఆ దూత మీదేనా అండీ మీ అలక? వచ్చుంటే మాత్రం ఏం చేసేవాడు? ఆయనకి జ్వరం తెలుసా, చావు తెలుసా? పిల్ల ఊపిరాడక కొట్టుకుంటుంటే రెక్కలు ముడుచుకుని చూస్తా నిలబడేవాడు, మనలాగే!"

"మరి ఎవరున్నారే అక్కడ?" అని అరిచాను.

"చచ్చి చూసినవాడున్నాడండి" అని, ఆవిడ మళ్లీ కుంచె సున్నంలో ముంచింది.

సహోదరులారా, నేను ఆ సమాధి పక్కనే మోకరించాను. దూతలు ఎవరి పాదాల చెంత సాగిలపడతారో ఆ దేవుడు దూతగా రాలేదు, మరణించగల దేహం ధరించి వచ్చాడు! మనుష్యుడు గనుక నా బిడ్డ నడిచిన చీకటిలో తానూ నడిచాడు. దేవుడు గనుక ఆ చీకటి ఆయనను మింగలేకపోయింది. "ప్రభువా, నేను వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాను; నీవు మంచం మీదనే, నా బిడ్డ పక్కనే ఉన్నావు" అని మాత్రం ప్రార్థించగలిగాను.

దుఃఖం తీరిందని చెప్పను. నా మౌనం మాత్రం తెగింది, దేవునికే మహిమ! మీలో ఎవరైనా వాకిలి వైపు చూసి చూసి అలసిపోయి ఉంటే, ఆ చీకటిలో మీ పక్కనే ఉన్న ఆయనను నమ్ముకొనండి. తెల్లవారుతున్నది. ఇన్నాళ్లకు ఈ ఉదయం ప్రభువు బల్ల యొద్ద నేనూ చేయి చాపుతాను.