ముక్కాలు మీటరు, పైన నాలుగు వేళ్లు

మొన్న ప్రొద్దుటూరులో జాకెట్టు గుడ్డకని ఒక పెద్ద షాపుకు పోతే, అక్కడి సేల్స్ అమ్మాయి బట్ట తాను పరిచి, గీత గీసి, కత్తెరతో కసకసా కోసి కవర్లో పెట్టి ఇచ్చింది. నేనేమో ఇంకేదో రావలసి ఉన్నట్టు కౌంటరు దగ్గరే నిలబడిపోయాను. బయటికొచ్చి ఆటో ఎక్కాక గానీ తెలియలేదు, నేను కాచుకున్నది గుడ్డ చింపే చప్పుడు కోసమని. మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ పర్‌ర్‌మనే చప్పుడు వింటేనే కొత్త బట్ట కొన్నట్టు ఉండేది.

మా నాయనకు జమ్మలమడుగులో గుడ్డలంగడి ఉండేది. కత్తెరను ఆయన అంచున ఒక్క గాటు పెట్టడానికి మాత్రమే ముట్టుకునేవాడు, ఆ తర్వాత రెండు చేతులా పట్టి ఒక్క లాగు లాగితే గుడ్డ ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసినట్టు చినిగేది. కత్తెర వంకర పోతుంది గానీ చింపితే పోగు వెంటే పోతుందని ఆయన నమ్మకం. రవికగుడ్డకు ఆయన కొలత ముక్కాలు మీటరు, పైన నాలుగు వేళ్లు. ఆ నాలుగు వేళ్లు ఊరికే ఎందుకిస్తావని అమ్మ సణిగితే, ఒళ్లున్న ఆడవాళ్లు నోరు తెరిచి అడగలేరు గదా అనేవాడు, అలాంటి మనిషి.

నేను పెళ్లై ప్రొద్దుటూరికి వచ్చాక, పుట్టింటికి పోయి తిరిగి బయలుదేరినప్పుడల్లా అంగడి మీదుగానే బస్టాండుకు పొమ్మనేవాడు. పసుపు కుంకుమలు ఇంట్లో అమ్మ పెట్టేది, గుడ్డ మాత్రం తానే తానులోంచి చింపి నా చేతిలో పెట్టాలి. బీరువాలో మూలుగుతున్నాయి నాయనా, ఇన్నెన్ని కుట్టించుకునేది అని విసుక్కున్నా వినేవాడు కాదు. అమ్మ పోయాక కూడా ఆ అలవాటు మానలేదు. అప్పట్లో నేను విసుక్కున్న విసుగు తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాత ఆయనకు మతి తప్పడం మొదలైంది. అంగడి మూసేసి, పులివెందులలో కాపురమున్న తమ్ముడి దగ్గర పెట్టాం. వాడిది తుమ్మలపల్లె గనిలో షిఫ్టుల ఉద్యోగం, ఇంట్లో మరదలు ఒక్కతే. నాయన వీధిలోని ప్రతి షట్టరూ తనదేనని ఎత్తబోయేవాడు, అడ్డం వస్తే చెయ్యి చేసుకునేవాడు. కూతురివి, నువ్వు తెచ్చుకోలేదా అంటారేమో. తెచ్చుకున్నాను, సరిగ్గా ఇరవై రోజులు. ఇరవై ఒకటో రోజు గ్యాసు తిప్పి వదిలేసి కూర్చున్నాడు, పక్క గదిలో నా మనవరాలు నిద్రపోతోంది. ఆ వారమే పులివెందుల బయట ఇలాంటి పెద్దవాళ్లను చూసుకునే ఒక ఆశ్రమానికి తీసుకుపోయాం. సరుకు చూడడానికి పోతున్నామని అబద్ధం చెప్పి కారెక్కించింది నేనే, తమ్ముడు వెక్కివెక్కి ఏడుస్తుంటే కాగితాల మీద సంతకం పెట్టిందీ నేనే.

నెలకోసారి పోయేదాన్ని. నన్ను గుర్తుపట్టేవాడు కాదు, నా చీర కొంగు వేళ్ల మధ్య నలిపి నేత చూసేవాడు, అంతే. అయితే నేను ఇల్లు చేరేలోగా ఫోను వచ్చేది, దుప్పటి చింపేశాడని, తలుపు బాదుతున్నాడని. ఆరేడు నెలలు ఇదే వరస. చివరికి అక్కడి మేనేజరు, "మీరొచ్చి పోతే మనిషి అల్లాడిపోతాండాడమ్మా, కొన్నాళ్లు రాకుంటేనే మేలు," అన్నాడు. డాక్టరు మత్తు మాత్ర పెంచుతానంటున్నాడు, సరేనా అని కూడా అడిగాడు. నేను కూర తరుగుతూ తరుగుతూ సరే అన్నాను. దాచడమెందుకు, ఇక ఆ రెండు బస్సుల ప్రయాణం తప్పిందని ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది.

నాలుగు నెలలు అటు పోలేదు. మనసాగక పోయినరోజు నాయన మంచం మీద కుదురుగా కూర్చుని ఉన్నాడు, చేతులు రెండూ ఒళ్లో, నోటి చివర తడి. ఆయన్ను చూసుకునే ఆయా, ఖాజీపేట మనిషి, నన్ను పక్కకు పిలిచి అలమరలోంచి ఒక మూట తీసిచ్చింది. అన్నీ దుప్పటి ముక్కలు, అంగట్లో మడిచినట్టే మడతలు. నాయనకు మాత్ర పెంచక ముందు ఒకనాడు ఆమె చేతిలో ఒకటి పెట్టాడట, అంతవరకు ఎవరికీ ఏమీ అర్థం కాలేదట.

"మా పాప పోతాంది, ఉత్తచేతుల్తో యాడ పంపేది, బిరీన పోయి ఇచ్చిరా అన్న్యాడమ్మా. తలుపు బాదేది గూడా మీకోసరమే. పారేసేకి నాకు మనసొప్పల్యా," అంది.

గుడ్డలంగడివాడి కూతుర్ని, ఆ చప్పుడు మధ్యే పెరిగినదాన్ని, దుప్పటి చింపాడంటే పిచ్చి ముదిరిందనుకున్నానే గానీ ఎంత కొలతకు చింపాడని ఒక్కసారైనా అడిగానా! అక్కడే కూర్చుని ఒక ముక్క కొలిచాను. ముక్కాలు మీటరు, పైన నాలుగు వేళ్లు. దుప్పటి అంచున పళ్లతో నేనే గాటు పెట్టి, చింపు నాయనా, నేను పోతున్నాను, అని ఆయన చేతికిచ్చాను. ఆ వేళ్లు దాన్ని పట్టుకోలేదు. మాత్ర తగ్గించమని డాక్టరు కాళ్లావేళ్లా పడ్డాను, తగ్గించారు కూడా, కానీ ఆ చేతులు మళ్లీ లేవలేదు.

ఇప్పుడు నెలకు రెండుసార్లు పోతున్నాను. లోకంలో ఎక్కడా ఎవరూ గుడ్డ చింపడం లేదు, అన్నీ కత్తెర్లే, లేదంటే కుట్టి తెచ్చినవే. దుప్పట్లు చక్కగా ఉంటున్నాయి, మీ నాయన శానా నెమ్మదిగా ఉండాడమ్మా అని మేనేజరు సంతోషంగా చెబుతాడు. నేను మెట్లు ఒక్కొక్కటే ఆగి ఆగి దిగుతాను. గేటు దాకా వెనక ఏ చప్పుడూ రాదు, ఉత్తచేతులతో బస్సెక్కుతాను.