అక్కకో గది

మా ఇంటికి కారు షెడ్డు ఉంది గానీ కారు ఎప్పుడూ లేదు. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే గల్లీల్లో ఒకదాంట్లో నాన్న ఈ ఇల్లు కట్టించినప్పుడు అన్నిటికంటే ముందు షెడ్డే వేయించాడట. "పాతదో గీతదో, ఏదో ఒక దినం కొంట" అనేవాడు. కొనలేదు. అందులో ఆయన సైకిల్ ఉండేది, తర్వాత స్కూటర్. ఆయన పోయాక, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే ఒకాయన తన బస్తాలు దాచుకోవడానికి కిరాయికి తీసుకున్నాడు. ఆయనా ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఇప్పటికీ వానాకాలంలో షట్టర్ ఎత్తితే పాత కాగితాల వాసన వస్తుంది.

అక్క రిటైరవుతోందని తెలిసినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. మెదక్ అవతల ఒక ఊళ్లో, మిషన్ దవాఖానలో ఆమె నర్సు. నేనింకా రెండు జడలు వేసుకుంటున్న రోజుల్లో ట్రైనింగ్‌కని వెళ్లింది. అంతదాకా మేమిద్దరం ఒకే మంచం మీద, షెడ్డు పక్క గోడకు ఆనుకుని పడుకునేవాళ్లం. ఆమె మీద కాలు వేయకపోతే నాకు నిద్రొచ్చేది కాదు. ఆమె వెళ్లాక ఆ మంచం మీద నాకు చోటు ఎక్కువైపోయింది, ఆ చోటంటే నాకు అసహ్యంగా ఉండేది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. నర్సుల హాస్టల్లోనే ఉండిపోయింది. ఏటా నుమాయిష్ పెట్టినప్పుడు సెలవు పెట్టుకుని వచ్చేది. ఎగ్జిబిషన్ మైదానం మాకు నడిచిపోయేంత దూరం. తిరిగి తిరిగి కాళ్లు పీకుతుంటే ఇంటికొచ్చి నవ్వుకునేవాళ్లం. కానీ ఎన్ని రోజులున్నా ఆమె సంచీలోంచి బట్టలు బయటికి తీసి అల్మారాలో పెట్టేది కాదు. ఒక చీర తీసి కట్టుకోవడం, విడిచింది ఉతికి ఆరేసి మళ్లీ సంచీలో పెట్టుకోవడం. స్టేషన్ ముందు సికింద్రాబాద్ బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "అప్పుడప్పుడన్న వస్తుండు అక్కా" అనేదాన్ని. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడేదాన్ని. వయసు మీదపడ్డాక కూడా నాకు ఆ బస్టాపులో ఏడుపొచ్చేది, సిగ్గులేకుండా ఏడ్చేదాన్ని.

అందుకే ఈసారి ఆమె ఇక పోవాల్సిన పని లేదంటే నాకు పండగే. ఉండే ఇంట్లో పడకగది ఒక్కటే, హాలు ఒక్కటి. ఆమెకొక గది కావాలి. రెండే దారులు: షెడ్డును గదిగా మార్చడం, లేదా పెరట్లో జామచెట్టు పక్కన కొత్తగా విడి గది వేయడం.

నాకు షెడ్డే కావాలి. ఎందుకంటే షెడ్డుకూ మా పడకగదికీ మధ్య ఒక్క గోడే, మా మంచం ఉండిన గోడ. దాన్ని పగలగొట్టి తలుపు పెడితే ఆమె దగ్గితే నాకు వినపడుతుంది, నేను పిలిస్తే ఆమె పలుకుతుంది. ఇంకేం కావాలి మనిషికి?

మా ఆయన వినలేదు. "ఏమే, నీకేమన్న తెల్వి ఉన్నదా? రోడ్డు మీద రోడ్డేసి గల్లీ ఎత్తయింది, షెడ్డు గుంతల పడ్డది. ఒక్క వాన కొడితె వదిన చెప్పులు తేల్తయి. పెరట్ల గాలి ఉన్నది, ఎలుతురున్నది, గాడ ఎయ్యి."

"గడప ఎత్తు లేపితె నీళ్లెట్లొస్తయి? మా అక్కను పెరట్ల పడేస్తవా? బట్టలుతికే బండ పక్కన?"

"పడేసుడేంది! గది కట్టిస్తనంటున్న."

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. కట్టకముందే మా ఇద్దరికీ మాటలు బందయ్యాయి. చివరికి అక్కకే ఫోన్ చేశాను. అవతల దవాఖాన గంట, ఎవరో పిల్ల ఏడుపు. "మీకెట్ల అల్కగైతే గట్ల జెయ్యిన్రి చెల్లె. నాకేం ఫికర్ లేదు" అంది. పుట్టినప్పటి నుంచి ఇదే జవాబు. నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి వాటా నోరూ దేవుడు నాకే ఇచ్చాడు.

రిటైరయ్యాక ఒక ట్రంకు పెట్టె, అదే సంచీ పట్టుకుని వచ్చింది. హాల్లో మంచం వేశాం. మరుసటి రోజు మేస్త్రి వచ్చాడు. షెడ్డులో కొలతలు తీసుకుని, మా ఆయన పోరు పడలేక పెరట్లో కూడా సున్నంతో నాలుగు గీతలు గీసి చూపించాడు. అక్క షెడ్డులోకి వెళ్లి, "మంచిగున్నది" అంది. తర్వాత పెరట్లోకి వచ్చింది. చెప్పులు విడిచి ఆ సున్నపు గీతల లోపల నిలబడింది. అటూ ఇటూ చూసి మేస్త్రిని అడిగింది, "పొయ్యి యాడ పెడ్తరు?"

నేను పకపకా నవ్వాను. "పొయ్యెందుకే అక్కా నీకు! బతుకంత మెస్సు తిండి తిన్నవ్, ఇగ నీతోని వంట చేపిస్తనా? వేడివేడిగ నేను పెడ్త, నువ్వు కూసోని తిను." మేస్త్రీ నవ్వాడు. అక్క కూడా నవ్వింది, చెప్పులు తొడుక్కుంది. నా మాటే నెగ్గింది. షెడ్డే ఖాయమైంది.

ఇక్కడ మా ఇళ్లలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. అన్నం వండేటప్పుడల్లా, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తాం. అది దేవుడిది. ఆదివారం చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు అందరి బియ్యం పోగుచేసి, లేని వాళ్లకు ఇస్తారు. మా అమ్మకు ఇందులో ఒక పట్టింపు ఉండేది. పొయ్యి ఎవరిదో పిడికిలి వాళ్లదే కావాలి. ఆమెకు జ్వరమొచ్చి నేను వండిన రోజు కూడా లేచి వచ్చి, తన చేత్తోనే తీసి వేసి, మళ్లీ వెళ్లి పడుకునేది. అక్క ట్రైనింగ్‌కు వెళ్లేటప్పుడు అమ్మ ఆమెకొక మూత డబ్బా ఇచ్చింది. నా పెళ్లప్పుడు నాకూ అలాంటిదే ఇచ్చింది. నేను పెళ్లయ్యాక కూడా అమ్మానాన్నలకు తోడుగా ఈ ఇంట్లోనే ఉండిపోయాను, నా డబ్బా రోజూ వాడి వాడి సొట్టలు పడిపోయింది.

పని మొదలైంది. గోడ పగలగొట్టే రోజు నేను కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. సుత్తి దెబ్బకు గోడకు కన్నం పడి, షెడ్డులోంచి వెలుతురు మా పడకగదిలోకి వచ్చింది. మనిషి దూరేంత అయ్యాక నేనే ముందు దూరి అవతలికి వెళ్లి, "అక్కా!" అని అరిచాను. "ఏందే" అని హాల్లోంచి పలికింది. నాకెంత సంతోషమయిందో! ఇల్లంతా ఇటుక దుమ్ము. మా ఆయన తుమ్ముతూ నన్ను తిడుతూనే ఉన్నాడు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఆ సంచీ తప్ప. అది మంచం పక్కన కట్టినట్టే ఉంది. "బట్టలు అల్మారాల పెట్టుకోరాదే" అంటే "గది కానీయ్" అనేది.

ఆ వారంలోనే ఒకనాడు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉంటే అక్క పెరట్లో ఫోన్ మాట్లాడుతోంది. ఆమెతోపాటు పనిచేసి రిటైరైన స్నేహితురాలితో. వంటింటి కిటికీ తెరిచే ఉంది, ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. "గా గది జర ఎవ్వరికియ్యకుమని చెప్పు. కిరాయి నేనిస్త. నెలల వస్త."

నా చేతిలో గరిటె చేతిలోనే ఉంది. అలాగే పెరట్లోకి వెళ్లాను.

"ఏం గది? యాడికి పోతవ్? ఏం తక్కువ చేసిన నీకు?"

అక్క ఫోన్ పెట్టేసింది. "నువ్వేం తక్కువ జెయ్యలె చెల్లె."

"మల్ల? గోడ పలగ్గొట్టిన నీ కోసం! నువ్వు పోతె ఆ బొక్కల కెల్లి ఎవర్ని చూడాలె నేను?" ఇంకా ఏమేమో అన్నాను. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూసినట్టున్నారు, చూస్తే చూడనీ అనుకున్నాను. ఇన్నేళ్లు ఎదురుచూసింది దీనికా? ముసలితనంలో కూడా బస్టాపులో నిలబడి చెయ్యి ఊపడానికా?

అక్క లోపలికి వెళ్లి, సంచీ అడుగునుంచి ఒక డబ్బా తెచ్చి బండ మీద పెట్టింది. అమ్మ ఇచ్చిన డబ్బా. ఒక్క సొట్ట లేదు. మూత తీస్తే లోపల గుండీలు, సూదులు, దారపు ఉండలు.

"గా కిరాయి గదిల పొయ్యి ఉన్నది" అంది. "అమ్మ ఇచ్చిన కాణ్ణుంచి దీంట్ల ఒక్క పిడికెడు పడలె. హాస్టల్ల పొయ్యి పెట్టుకోనియ్యరు. మెస్సుల వంటామె తీసేది, అందరి పేరు మీద. నా చెయ్యి ఎన్నడు పడలె."

"నా డబ్బాల ఎయ్యి! రోజు నువ్వే ఎయ్యి, నేనద్దంటనా?"

"అది నీ పొయ్యి చెల్లె. అమ్మ ఏమన్నదో మర్సినవా?"

మరవలేదు. ఎలా మరుస్తాను? బండ మీదే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ కూడా తిట్టాను. "నోరు తెరిచి అడగొచ్చు గదనే! అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటరు!"

"అడిగిన గదా" అంది అక్క, నా చేతిలోంచి గరిటె మెల్లగా తీసుకుని. "పొయ్యి యాడ పెడ్తరని అడిగిన."

వంటింట్లో కూర మాడిన వాసన వస్తోంది. ఇద్దరం కదల్లేదు. మా ఆయనే వెళ్లి స్టవ్ ఆర్పాడు.

మేస్త్రిని పిలిచి పనిని పెరట్లోకి మార్చాం. సగం కొట్టిన గోడను మళ్లీ ఇటుకలతో పూడ్చాడు. ఎంత రంగు వేసినా ఆ పూడ్చిన చోటు తెలిసిపోతుంది, నా తలగడ పక్కనే. పెరట్లో గోడలు లేస్తుంటే అక్క రోజూ బకెట్‌తో నీళ్లు పట్టి తడిపేది, ఆ వయసులో, పని చేసేవాళ్లు వద్దన్నా వినేది కాదు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఒక్కో వరస లేచినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమనేది. నేను కోరుకున్నది ఆమె నా పక్కకు రావాలని. ఇప్పుడు వస్తోంది పెరట్లోకి, తలుపు వేసుకుంటే వేరే ఇల్లు. జామచెట్టుది ఒక కొమ్మ కొట్టాల్సి వచ్చింది. చెట్టు మిగిలింది.

గది ఒకటి, దానికి మూలన పొయ్యి గట్టు, ఒక కిటికీ. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. అందరూ వెళ్లాక అక్క బియ్యం కొలిచింది. గుండీలన్నీ ఒక గుడ్డలో మూటగట్టి, డబ్బా కడిగి తుడిచి పెట్టుకుంది. పిడికెడు తీసింది, కానీ వెంటనే వేయలేదు. పిడికిలి బిగించి కళ్లు మూసుకుని నిలబడింది. ఎన్ని కాన్పులు చేసిన చెయ్యో అది. పిడికిలి విప్పితే ఖాళీ డబ్బాలో బియ్యం గలగలమన్నాయి. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, లోపలికి వెళ్లలేదు. ఆ రోజే సంచీ ఖాళీ చేసి, ఉతికి, దండెం మీద ఆరేసింది.

తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే గేటు దగ్గర ఆగి, "ఇయ్యాల మా ఇంటికి అన్నానికి రాండ్రి, ఇద్దరు" అంది. మా ఇంటికి! ఆ మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. చర్చి చీర విప్పకుండా అలాగే ఉన్నాను. ఒట్టి చేతుల్తో పోకూడదని గిన్నెలో మామిడికాయ తొక్కు పెట్టుకున్నాను.

"పెరట్లకు పోనీకి పట్టుచీరనా?" అన్నాడు మా ఆయన.

"పెరట్లకు కాదు. మా అక్కోళ్లింటికి పోతున్న" అన్నాను.

బగారన్నం ముద్దయింది. మటన్‌లో ఉప్పు ఎక్కువైంది. మెస్సులో తిన్న మనిషికి వంటెక్కడి నుంచి వస్తుంది? నేను మారు అడిగి మరీ తిన్నాను. అక్క వడ్డిస్తూనే ఉంది, చాలంటే వినలేదు, అచ్చం అమ్మే. మా ఆయన తిని నిద్రొస్తోందని ముందే వెళ్లిపోయాడు. మేమిద్దరం చాలాసేపు ఏవో మాటలు చెప్పుకున్నాం. చీకటి పడకముందే వంటింటి పని గుర్తొచ్చి నేను లేచాను.

గిన్నె ఖాళీగా పంపకూడదని అందులో రెండు జామపండ్లు వేసి ఇచ్చింది, మా చెట్టువే. గడప దాకా వచ్చింది.

"అప్పుడప్పుడన్న వస్తుండు చెల్లె" అంది.

"వస్తనక్కా" అని మెట్టు దిగాను. పెరడు దాటి మా వెనక తలుపు దగ్గర తిరిగి చూశాను. అక్క ఇంకా గడపలోనే నిలబడి ఉంది, బస్సు కదిలేదాకా నేను నిలబడినట్టు.