జహంగీర్ రాసిన పేజీ కింద నా పేరు

నిన్న పొద్దున మీటింగ్‌లో ఉండగా కల్వకుర్తి నుంచి ఫోన్. కట్ చేశాను.

మళ్లీ వచ్చింది. జహంగీర్ తమ్ముడు.

"అన్నా, భాయ్ లేడే."

షాపులో లేడేమో అనుకున్నాను. "యాడికి పోయిండు?" అని అడిగాను కూడా. అవతల ఏడుపు వినబడ్డాక గానీ అర్థం కాలేదు.

షట్టర్ ఎత్తుతూ కూలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ముప్పై అయిదేళ్లు వాడికి.

సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాను.

అప్పటి నుంచి మన ఇంటర్ బ్యాచ్ గ్రూప్‌లో అందరూ నన్నే ఓదారుస్తున్నారు. "నీలాంటి ఫ్రెండ్ దొరకడం వాడి అదృష్టం" అని ఒకరు పెట్టారు. దయచేసి ఆపండి. ఇది చదివాక ఆ మాట అనరు.

ఇది ఫేస్‌బుక్‌లోనూ పెడుతున్నాను కాబట్టి, వాణ్ని తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. కల్వకుర్తి బస్టాండ్ వెనక కంప్యూటర్ రిపేర్ షాపు జహంగీర్‌ది. ఇంటర్‌లో మాది ఒకటే బెంచీ. వాళ్ల అబ్బాకు పక్షవాతం వచ్చి చదువు మానేసి షాపులో కూర్చున్నాడు. నేను బీటెక్‌కు పోయాను. అయినా కంప్యూటర్ నాకంటే వాడికే ఎక్కువ తెలుసు. ఈ మాట వాడి ముందు ఏనాడూ అనలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం. ట్రైనింగ్‌కు ఎవరి లాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలి. నాది జహంగీర్ షాపులో కొన్న సెకండ్ హ్యాండ్‌ది.

మొదటి రోజే ఒక టూల్ ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. మౌస్‌తో నొక్కేది కాదు, నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టి నడిపించేది. అందరికీ ఎక్కింది. నాకు మాత్రం ఎర్ర అక్షరాలే. మూడో రోజు మా లీడ్ అందరి ముందు అడిగాడు, "నువ్వు నిజంగా బీటెక్ చదివావా?" అని.

లాప్‌టాప్ పట్టుకుని మెట్ల దగ్గరికి పోయి జహంగీర్‌కు ఫోన్ చేశాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఎర్రగ వచ్చిందని భయపడి మూసేయకురా. మొదటి లైన్ చదువు."

చదివాను. సర్టిఫికెట్ ఏదో చెల్లదంటోంది.

"గడియారం ఎంత చూపెడ్తాంది?"

"పదకొండున్నర."

"టైమ్ కాదురా బై! తారీకు చూడు."

చూస్తే ఎప్పటిదో పాత సంవత్సరం. లోపలుండే చిన్న గుండ్రటి బ్యాటరీ చచ్చిపోయిందట. తారీకు తప్పుంటే మన మిషన్ అవతలి సర్వర్‌ను నమ్మదట. సరిచేసి మళ్లీ కొట్టాను. ఎక్కేసింది.

"బ్యాటరీ మార్చి ఇయ్యాల్సింది నేనే. తప్పు నాదిరా" అని పైనుంచి వాడే బాధపడ్డాడు.

ఆ ఆదివారం మొత్తం రాసి వాట్సాప్‌లో పంపాడు. మొదలు తారీకు చూడాలి. టూల్ ముందే ఉందేమో చూడాలి. ఎక్కించాక ఆ విండో మూసి కొత్తది తెరవాలి, లేకుంటే కమాండ్ దొరకదు. ఏ తప్పు వస్తే ఏం చేయాలో పద్నాలుగు స్టెప్పులు, అన్నీ తెలుగులో.

నేను ఇంగ్లీష్‌లోకి మార్చి ఆఫీసు డాక్యుమెంట్లలో పెట్టాను. కింద నా పేరు రాసుకున్నాను. నేను చేసింది అంతే.

"తారీకు చూడండి" అన్న మొదటి స్టెప్ చూసి కొందరు నవ్వారు. పాత లాప్‌టాప్‌లతో వచ్చే పిల్లలకు చివరికి అదే దిక్కయింది. నాకు అవార్డ్ ఇచ్చారు. టీమ్ లీడ్‌ను చేశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సోకు నాది.

రెండేళ్ల కింద మా ఆఫీసులో సపోర్ట్ పోస్ట్ ఒకటి పడింది. డిగ్రీ అక్కర్లేదు, పని వస్తే చాలు. నేనే వాడికి చెప్పాను. షాపుకు గిరాకీ లేదు, జనం అంతా ఫోన్ల మీదికి పోయారు. ఆ ఉద్యోగం వాడికి చాలా అవసరం.

టెస్ట్‌లో ఇచ్చిన పని ఏంటంటే, అదే టూల్‌ను కొత్త మిషన్‌లో ఎక్కించి, ఎలా చేశావో రాయమని.

రాశాడు. మొదటి లైన్, తారీకు చూడాలి.

ఇంటర్వ్యూ చేసిన ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. "సార్, ఇతను మీ డాక్యుమెంట్‌ను వరసతో సహా దించేశాడు. మన లోపలి పేజీ బయటికెలా పోయింది?"

వాణ్ని కూడా అడిగారట, ఇది మా టీమ్ లీడ్ పేజీ, నీకెక్కడిదని. ఆ పేజీ కింద ఎవరి పేరుందో వాడికి అప్పుడే అర్థమై ఉంటుంది. "ఒక దోస్తు నేర్పిండు సార్" అన్నాడట. పేరు చెప్పలేదట.

అది రాసిందే అతను, అని నేనొక్క మాట అంటే చాలు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. "మీ ఇష్టం" అన్నాను. రిజెక్ట్ చేశారు.

ఫోన్ చేసి కాంపిటీషన్ ఎక్కువుందిరా అన్నాను. "ఫికర్ చేయకురా. గిది కాకుంటే ఇంకోటి. అమ్మ మంచిగున్నదా?" అన్నాడు.

ఆ తర్వాత రెండుసార్లు శ్రీశైలం పోతూ కల్వకుర్తి దాటాను. కారు ఆపలేదు. వాడి మొహం చూసే ధైర్యం లేక.

నిన్న వాళ్లింటి ముందు నిలబడితే వాళ్ల అమ్మీ నా చెయ్యి పట్టుకుని చుట్టాలకు చూపించింది.

"గీ మల్లేశే. మా జహంగీర్ నౌకరి కోసం హైదరాబాద్‌ల పెద్దసార్లతోని మస్తు కొట్లాడిండు. వాడే చెప్పిండు నాకు."

నా పరువు కోసం వాడు కన్నతల్లికి అబద్ధం చెప్పాడు. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. ఛీ, నా బతుకు.

ఇవాళ పొద్దున ఆఫీసుకు ఉన్నదున్నట్టు మెయిల్ రాశాను. ఏం చేస్తారో చేయనీ.

తమ్ముడూ, ఇది అమ్మీకి చదివి వినిపించు. అమ్మీ, నేను కొట్లాడలేదు. మీ కొడుకు నా కోసం అట్లా చెప్పాడు. మీరేం తిట్టినా పడతాను.

జహంగీర్, మాఫ్ చేయమని అడిగే మొహం నాకు లేదురా. పైన అల్లా దగ్గరైనా నీ కష్టం నీ పేరు మీదే ఉండాలి.

నిమ్మళంగా పడుకో భాయ్.