తొమ్మిదో ఫ్లాస్కు

ఇరవై రెండేళ్లుగా మా ల్యాబులో బాక్టీరియాకు అన్నం పెట్టింది డార్లా హూక్‌స్ట్రా. రోజూ ఉదయం పదకొండింటికి పది ఫ్లాస్కుల్లోంచి నూరోవంతు చొప్పున తీసి కొత్త ద్రావణంలో వేసేది. రోజుకు ఆరేడు తరాలు. క్రిస్మస్ లేదు, మిషిగన్ మంచు తుఫాను లేదు. డెబ్బై అయిదు రోజులకోసారి ప్రతి ఫ్లాస్కులోంచి కాస్త తీసి, చీటీ అంటించి ఫ్రీజర్లో దాచేది. వాటిని ఎన్నేళ్ల తర్వాత కరిగించినా మళ్లీ బతుకుతాయి.

నేను పై అంతస్తులో కూర్చుని, అవి ముందు ముందు ఎలా మారతాయో కంప్యూటర్లో లెక్కకట్టేవాణ్ణి. ఆ ద్రావణాలు తీసిపోసే పిపెట్ పట్టిన పాపాన పోలేదు.

"ఏం నాయనా, ఇవాళ జోస్యం ఏమంటోంది?" అని ఆటపట్టించేది.

"మీ పిల్లలు నా మాట వినట్లేదండీ."

"నా మాట మాత్రం వింటాయా ఏంటి!"

కిందటి మార్చిలో ఆవిడ భర్త గెరిట్ కేన్సర్‌తో పోయాడు. మర్నాడు పదకొండింటికి ఆవిడ మామూలుగానే వచ్చింది. రాతిగుండె మనిషి అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాటకు సిగ్గుపడుతున్నాను.

ఆ నెలలోనే తొమ్మిదో ఫ్లాస్కు నా లెక్క తప్పించుకుని ఒక్కసారిగా జోరందుకుంది. మిగతావన్నీ నా గీత మీదే నడిచాయి. నేను ఎగిరి గంతేశాను. నా సిద్ధాంతమే మార్చేసి, వ్యాసం రాసి, అక్టోబరులో అందరికీ గ్రాఫు చూపించాను. డార్లా వెనక నిలబడి విన్నది. అందరూ వెళ్లాక దగ్గరికొచ్చింది.

"ఆ గీత ఎగిరింది మార్చి మూడు తర్వాతేగా?"

"అవును."

"అది పరిణామం కాదు నాయనా. అది నేను."

కుర్చీలో కూలబడి చెప్పింది. "ఆ రోజు గెరిటే పొమ్మన్నాడు, వాటికి ఆకలేస్తుంటుంది వెళ్లిరా అని. ఆరు ఫ్లాస్కులయ్యాక మా ఆడబిడ్డ ఫోను. వెంటనే రమ్మంది. ఇంకా నాలుగేగా, అయిదు నిమిషాలు, అనుకున్నా. గబగబా పోసేశాను. ఏడులోది తొమ్మిదిలో కూడా వేశానేమోనని అప్పట్నుంచీ అనుమానం. ఇంటికెళ్లేసరికి ఆయన పోయి అయిదు నిమిషాలైందట. చెబితే నిజమైపోతుందని నోరు విప్పలేదు."

ఇలాంటి పొరపాటు పట్టుకోవడానికే పక్కపక్క ఫ్లాస్కుల్లో ఎర్రరకం, తెల్లరకం మార్చి మార్చి పెడతాం; ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడితే రంగే పట్టిస్తుంది. ఏడూ తొమ్మిదీ రెండూ ఎర్రవే. అందుకే ఎవరికీ దొరకలేదు. పరీక్ష చేయిస్తే తొమ్మిదిలో ఉన్నవన్నీ ఏడో ఫ్లాస్కువాటి సంతానమేనని తేలింది; మొదట్నుంచీ జోరెక్కువున్న అవి అసలువాటిని తోసేశాయి.

"దేనికోసం ఆగానో అది కూడా సరిగ్గా చెయ్యలేదు" అంది డార్లా.

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. తొమ్మిదిని పారబోసి, పొరపాటుకు ముందు దాచినదాన్ని కరిగించాల్సి వచ్చింది. తనే చేస్తానంది. ఫ్రీజర్లోంచి తీసిన బుల్లి సీసా మీద ఆవిడ చేతిరాతే ఉంది. డిసెంబర్ పద్దెనిమిది.

"ఆ రోజు రోడ్డంతా గడ్డకట్టిందని గెరిటే దింపాడు. కింద కార్లో కూర్చుని, బఠాణీ సూపు చల్లారిపోతోంది తెమలవే అని రెండుసార్లు హారన్ కొట్టాడు."

"తెమిలారా?"

"లేదు. చీటీలన్నీ అంటించేదాకా కూర్చోబెట్టాను."

సీసా కరిగేదాకా అరచేతిలోనే పట్టుకుంది. తర్వాత నంబరు పైకి చదివి మరీ ఫ్లాస్కులో వేసింది.

మర్నాడు పదకొండింటికి ఆ ద్రావణం మసకబారి ఉంది. డార్లా ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"డిసెంబరువి లేచి కూర్చున్నాయి నాయనా" అంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.