బొడ్డు జరిగిందనుకున్నాం

ఆ రోజు పొద్దున మా ఆయన లుంగీ కట్టుకోబోయి అబ్బా అని ఆగిపోయాడు. ముడి తగిలితేనే బొడ్డు దగ్గర నొప్పి. చూస్తే లోపల శనగగింజంత గట్టి గడ్డ, చుట్టూ చర్మం కాస్త ఎర్రగా ఉంది.

అంతకుముందే ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు, కీమో ఇచ్చారు. "స్కాన్ క్లియర్" అని డాక్టర్ అనగానే సంతోష్‌నగర్‌లో మా గల్లీ అంతటికీ మిఠాయి పంచాను. ఆయన పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో సేల్స్‌మన్ పనికి మళ్లీ వెళ్లసాగాడు. పేగు జబ్బు తిరిగొస్తే పేగులోనే వస్తుందని మా లెక్క. బొడ్డు మీద మాకు అనుమానమే రాలేదు.

మా పాతబస్తీలో కడుపులో ఏ తేడా వచ్చినా ముందు వినిపించే మాట 'నాఫ్ టల్ గయీ'. అంటే బొడ్డు చోటు తప్పిందని. బరువులెత్తితే అలా జరుగుతుందంటారు, నూనె రాసి సర్దేవాళ్లూ ఉంటారు. మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ ఆ పనిలో పేరున్న మనిషి. రోజంతా బట్టల థాన్లు ఎత్తి దించే మా ఆయన నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాడు.

"నాఫ్ టల్ గయీ బేటా, ఫికర్ నక్కో కరో," అని దిగులొద్దంటూ ఆమె బొటనవేలితో నొక్కి సర్దింది. ఆయన పంటి బిగువున ఓర్చుకున్నాడు. నొప్పి తగ్గలేదు. గల్లీ చివరి క్లినిక్‌లో చూపిస్తే, "హెర్నియా లాగుంది, బెల్ట్ పెట్టుకో," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. హెర్నియా అంటే అంత సంతోషపడ్డ మనిషి లోకంలో ఇంకొకరు ఉండరేమో!

బెల్ట్ కింద గడ్డ పెరిగి, రసి కారసాగింది. అప్పుడు క్యాన్సర్ ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టర్ గడ్డను తాకి చూసి మా పాత ఫైలు తిరగేశారు.

"వెంటనే ఎందుకు రాలేదు?"

"పేగు డాక్టర్‌కు బొడ్డు ఎందుకు చూపెడ్తం సార్?" అన్నాడు మా ఆయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

బయాప్సీ చేశారు, పెట్ స్కాన్ తీశారు. "ఇది అంబిలికల్ మెటాస్టాసిస్ అమ్మా. పేగు క్యాన్సర్ బొడ్డుకు రావడం అరుదు, కానీ వస్తుంది. పెరిటోనియంలో, అంటే కడుపు లోపలి పొరలో కూడా ఉంది."

"గా గడ్డ కోసి తీసెయ్యరాదా సార్?" అన్నాను.

"తీసినా లోపలిది ఉంటుంది. కీమోతో కంట్రోల్ చేద్దాం. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

సంగతి తెలిసి ఖాలా ఏడ్చుకుంటూ వచ్చింది. "నేనే లోపటికి తోసిన్నా బేటీ?" అంది. డాక్టర్‌ను అడిగాను. నొక్కడం వల్ల రాలేదు, చూపించడమే ఆలస్యమైందన్నారు. ఆమెకు మొదటి సగమే చెప్పాను.

మళ్లీ కీమో మొదలైంది. చల్లనీళ్లు తగిలితే ఆయనకు కరెంటు కొట్టినట్టు ఉండేది. ఒకసారి ప్లేట్‌లెట్స్ పడిపోయాయని ఆ విడత కీమో వాయిదా వేశారు. మందు ఎక్కించినా భయమే, ఎక్కించకపోయినా భయమే. వేళ్లు తిమ్మిరెక్కి, "పట్టేదో పాలిస్టరేదో ముట్టుకుంటే తెలుస్తలేదు సరోజా," అన్నాడు ఓ రోజు. బట్ట అంచు పట్టుకుని రకం చెప్పే మనిషి. ఏం చెయ్యను? జావ కాచాను, కాళ్లకు సాక్సులు తొడిగాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు. దేవుడి మీద కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

మొన్నటి స్కాన్‌లో 'స్టేబుల్' అని వచ్చింది. పెరగలేదు, తగ్గలేదు. ఒంట్లో బాగున్న రోజు ఆయన ఒక పూట దుకాణంలో కూర్చుని వస్తున్నాడు.

ఇది చదివే వాళ్లకు ఒక్కటే చెప్తాను. పేగు క్యాన్సర్ ఒకసారి వచ్చిపోయిన మనిషికి బొడ్డులో గాని, తల మీద గాని, దవడలో గాని, ఒంటి మీద ఎక్కడ కొత్త గడ్డ లేచినా ఆ క్యాన్సర్ డాక్టర్‌కే చూపించండి. చెకప్ తారీఖు వచ్చేదాకా ఆగకండి.

ఈ పొద్దున ఆయన చొక్కా ఎత్తి, "చూడు, తగ్గిందా?" అని అడిగాడు.

"తగ్గింది," అన్నాను.

"నీకు అబద్ధమాడ రాదు సరోజా," అని చొక్కా దించుకుని దుకాణానికి బయలుదేరాడు.